అర్థమైందా అంటే అందరూ అయిందనే అంటున్నారు, మరి ఏమని అడగాలి?

నల్లబల్ల_కొత్త
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టీచర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్తున్నాను. పాఠం మధ్యలో నాలుగైదు సార్లు "అర్థమైందా?" అని అడుగుతాను. "అయింది మేడం" అని ఒకే గొంతుతో అంటారు. "డౌట్లున్నాయా?" అంటే "లేవు మేడం". పోయిన వారం ఆరో తరగతికి దశాంశాలు చెప్పాను. నాలుగు పీరియడ్లు పట్టింది, నాలుగు రోజులూ అదే ప్రశ్న, అదే జవాబు. శుక్రవారం స్లిప్ టెస్ట్ పెట్టి 0.4, 0.35లలో ఏది పెద్దదని అడిగితే సగం మందికి పైగా 0.35 అని రాశారు. ఆ కాగితాలు దిద్దుతూ కూర్చుంటే నిజంగా ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. ఏ ప్రశ్న అడిగినా ఆ నలుగురే చెయ్యెత్తుతారు. నేనూ వాళ్లనే లేపుతున్నాను, ఎందుకంటే జవాబు వస్తుంది, పాఠం ముందుకు పోతుంది. మిగతావాళ్లు తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు ఉంటారు. ట్రైనింగ్‌లో ప్రశ్నలు అడగడం గురించి ఒక అధ్యాయం మొత్తం చదివాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. తరగతిలో నిలబడితే మాత్రం నోటికి "అర్థమైందా" తప్ప ఇంకేమీ రావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, మీరు ఏమని అడుగుతారు?


లెక్కల_మాస్టారు
సోమవారం, రాత్రి 9:50

పిల్లలు మీకు అబద్ధం చెప్పలేదమ్మా. వాళ్లకు నిజంగానే అర్థమైందనిపించింది. ఒకటో తరగతి నుంచీ అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనే చూశారు, 35 ఎప్పుడూ 4 కంటే పెద్దదే. అదే లెక్క చుక్క తర్వాత కూడా పెట్టుకున్నారు. అది తప్పని వాళ్లకు ఎక్కడా తగల్లేదు, మరి డౌటు ఎక్కడి నుంచి వస్తుంది? "అర్థమైందా" అంటే తన తెలివి మీద తననే తీర్పు చెప్పమని అడగడం. పన్నెండేళ్ల పిల్లవాడు ఆ తీర్పు చెప్పలేడు, చాలాసార్లు మనమే చెప్పలేం.

నేనైతే ఇలా అడుగుతాను. 0.35, 0.4, 0.62 ఈ మూడింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయండి. ఈ మూడు సంఖ్యలే ఎందుకంటే, మీ టెస్టులో 0.4 పెద్దదని సరిగ్గా రాసినవాళ్లలో కూడా కొందరికి విషయం తెలిసి ఉండకపోవచ్చు. కొందరు పిల్లలు "పదో వంతు కంటే వందో వంతు చిన్నది కదా, కాబట్టి చుక్క తర్వాత అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నది" అని ఒక నియమం సొంతంగా తయారుచేసుకుంటారు. వాళ్లకు 0.4, 0.35 ఇస్తే జవాబు కరెక్ట్‌గానే వస్తుంది, తప్పు దారిలో వస్తుంది. మీరు సంతోషిస్తారు, వాళ్లు అలాగే పై తరగతికి పోతారు.

ఈ మూడూ ఇస్తే దాచుకునే చోటు ఉండదు. అంకెలు ఎక్కువుంటే పెద్దదనుకునేవాడు 0.4, 0.35, 0.62 అని రాస్తాడు. అంకెలు ఎక్కువుంటే చిన్నదనుకునేవాడు 0.35, 0.62, 0.4 అని రాస్తాడు. తెలిసినవాడు 0.35, 0.4, 0.62 అంటాడు. ఒకే ప్రశ్న, మూడు రకాల జవాబులు, ఒక్కో జవాబు వెనక ఏ ఆలోచన ఉందో చూడగానే తెలిసిపోతుంది. తప్పుగా ఆలోచించేవాడికి ఒప్పు జవాబు రాకుండా ఉండాలి, ప్రశ్న తయారుచేసుకునేటప్పుడు నేను చూసేది అదొక్కటే. ఇలాంటివి తరగతిలో నిలబడ్డాక తట్టవు, ముందురోజు రాత్రి కూర్చుని రాసుకోవాలి. నేను పీరియడ్‌కి రెండు రాసుకుంటాను, మూడు దాటను.

చెయ్యెత్తమని అడగకండి. అందరినీ రఫ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఒకేసారి పైకి ఎత్తమనండి. నలుగురి జవాబు కాదు, మొత్తం తరగతి జవాబు ఒక్క చూపులో కనిపిస్తుంది.


సైన్స్_టీచర్_22
సోమవారం, రాత్రి 10:31

మాస్టారు చెప్పింది ప్రశ్న గురించి. నేను ప్రశ్న అడిగాక ఏం జరుగుతుందో చెప్తాను.

రెండేళ్ల క్రితం నా పాఠం నేనే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికెళ్లి విన్నాను. "ఐస్ ముక్క నీళ్లలో ఎందుకు తేలుతుంది?" అని అడిగాను. ఊపిరి కూడా తీసుకోకుండా "చెప్పండి, ఎవరైనా, సాంద్రత, సాంద్రత గురించి నిన్న చెప్పుకున్నాం కదా, సాంద్రత తక్కువ కాబట్టి" అని జవాబు కూడా నేనే చెప్పేశాను. గడియారం పెట్టి చూస్తే ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఐదు సెకన్లు కూడా లేవు, ఆ ఐదు సెకన్లూ మాట్లాడింది నేనే. పీరియడ్ మొత్తం అలాగే ఉంది. వింటుంటే తల కొట్టేసినట్టయింది.

అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970లలో సరిగ్గా ఇదే విషయాన్ని టేపుల్లో రికార్డ్ చేసి కొలిచారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను లేదా అంతకంటే తక్కువ ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకో అంతకంటే ఎక్కువకో పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబే రాని సందర్భాలు తగ్గాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడగడం పెరిగింది. ఆవిడ ఇంకో చోటు కూడా గుర్తించారు, దాన్ని మనం అసలు పట్టించుకోం. పిల్లవాడు జవాబు చెప్పాక కూడా ఆగాలి. మనం వెంటనే "వెరీ గుడ్" అనేస్తాం, అక్కడితో అందరి ఆలోచనా ఆగిపోతుంది. ఆ పిల్లవాడు ఇంకో మాట కలపబోతున్నాడేమో, వెనక బెంచీ అమ్మాయికి అది తప్పనిపిస్తోందేమో, మనం తెలుసుకోం.

మూడు సెకన్లంటే చదవడానికి చిన్నదే. తరగతిలో నిలబడి ఆగి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది.


నలభై_నిమిషాలు
మంగళవారం, ఉదయం 6:45

అందరూ చెప్పేవి బాగానే ఉన్నాయి. నా దగ్గర నలభై నిమిషాల పీరియడ్, తరగతిలో అరవై మంది. హాజరుకి ఐదు నిమిషాలు, హోంవర్క్ చూడటానికి పది. డిసెంబర్‌కి సిలబస్ అయిపోవాలి. ప్రతి ప్రశ్నకీ ఆగుతూ, అందరి కాగితాలూ చూస్తూ పోతే పాఠం ఎవరు పూర్తి చేస్తారు? తల్లిదండ్రులు అడిగేది మార్కులు. పిల్లలకు ఆలోచించడం నేర్పడం నాకు ఇష్టం లేక కాదు, టెన్షన్ భరించేది మేమే.


లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 7:20

మీ టెన్షన్ నిజమే సార్, నా తరగతిలో కూడా యాభై ఎనిమిది మంది ఉన్నారు. కానీ ఒకటి లెక్క వేయండి. ప్రతి ప్రశ్నకీ ఆగమని ఎవరూ అనడం లేదు. 1912లో రోమియెట్ స్టీవెన్స్ అనే పరిశోధకురాలు హైస్కూల్ టీచర్లు రోజుకి ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో లెక్కపెడితే సగటున 395 వచ్చాయి, అందులో మూడింట రెండు వంతులు పాఠంలో ఉన్నది ఉన్నట్టు చెప్పించేవే. నూరేళ్లు దాటింది, నా తరగతిలో కూడా అంతేనేమో అనిపిస్తుంది. ఆ గుక్కతిప్పుకోని ప్రశ్నల్లో ఒక ముప్పై తీసేస్తే రెండు మంచి ప్రశ్నలకు చోటు దొరుకుతుంది. కాగితం మీద రాసి ఎత్తడానికి రెండు నిమిషాలు. నల్లబల్ల మేడం నాలుగు పీరియడ్లు చెప్పాక తెలుసుకున్నది రెండో పీరియడ్‌లోనే తెలిసేది.


ఆఖరి_బెంచీ
మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను టీచర్ని కాను, ఇద్దరు పిల్లల తండ్రిని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు, కానీ ఆ తల దించుకునే పిల్లల తరఫున ఒక మాట చెప్పాలనిపించింది, నేను అలాంటివాడినే కాబట్టి.

ఎనిమిదో తరగతిలో మాకు సోషల్ చెప్పే సార్ ముందు పేరు పిలిచేవారు, తర్వాత ప్రశ్న అడిగేవారు. పేరు వినపడగానే గుండె దడదడలాడేది, ప్రశ్న చెవిలోకి వెళ్లేది కాదు. ఒకరోజు నన్ను లేపారు. ప్రశ్నేంటో ఇప్పటికీ గుర్తు లేదు. లేచి నిలబడిన తర్వాత బల్ల మీద ఎవరో కంపాస్‌తో చెక్కిన గీత ఒకటి కనిపించింది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. సార్ కాసేపు చూసి "కూర్చో, నిన్ను అడిగాను చూడు" అన్నారు. అందరూ నవ్వారు. ఆ గీత మాత్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ తర్వాత రాస్తున్నట్టు నటించడం నేర్చుకున్నాను. పెన్ను కదుపుతూ ఉంటే సార్లు లేపరు. పదో తరగతి దాకా అలాగే గడిపాను. కాబట్టి మేడం, ఆ పిల్లలు బద్ధకంతో తల దించుకుంటున్నారని అనుకోకండి. అలాగని వాళ్లను అడగకుండా వదిలేయకండి కూడా. నన్ను వదిలేశారు, అదీ మంచి చేయలేదు.


నల్లబల్ల_కొత్త
మంగళవారం, రాత్రి 8:40

ఆఖరి_బెంచీ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. థాంక్స్ అనే మాట సరిపోదు. నేను కూడా ముందు పేరు పిలిచే ప్రశ్న అడుగుతున్నాను. ఆ తేడా ఎప్పుడూ ఆలోచించలేదు.

మరి చెయ్యెత్తనివాళ్లను అడగాలి, అవమానం కాకూడదు. ఇది ఎలా కుదురుతుంది?


సైన్స్_టీచర్_22
మంగళవారం, రాత్రి 9:15

ముందు ప్రశ్న, తర్వాత నిశ్శబ్దం, చివర పేరు. ఈ వరస మారిస్తేనే సగం భయం పోతుంది, పైగా ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ ఆలోచిస్తారు.

దానికంటే బాగా పనిచేసేది జతలు. ముందు ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే తరగతికి చెప్పాలి. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన దీన్ని పద్ధతిగా పెట్టారు. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, భయపడే పిల్లను "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగక్కర్లేదు, "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడగొచ్చు. తప్పయినా అది ఇద్దరిదీ. ఆ పిల్ల గొంతు పదిసార్లు తరగతిలో వినపడ్డాక పదకొండోసారి తన మాటే చెప్తుంది. అయితే ఆ మొదటి నిమిషం నిశ్శబ్దంగా ఉండాల్సిందే, లేకపోతే జతలో గట్టిగా మాట్లాడేవాడు చెప్పిందే ఇద్దరి జవాబూ అయిపోతుంది.

ఎవరైనా "తెలీదు" అంటే కూర్చోబెట్టేయను. "సరే, ఇద్దరు చెప్తారు, విను, మళ్లీ నీ దగ్గరికొస్తాను" అంటాను. తప్పకుండా వెళ్తాను. వెళ్లకపోతే ఆ మాటకి విలువ ఉండదు.


తెలుగు_టీచరమ్మ
మంగళవారం, రాత్రి 10:20

లెక్కలు, సైన్స్ వాళ్లే మాట్లాడుతున్నారు, భాష చెప్పేవాళ్ల సంగతి కూడా చెప్పనివ్వండి. మా పాఠాల్లో ప్రశ్నలంటే ఎవరు ఎవరితో అన్నారు, ఖాళీలు పూరించండి. ట్రైనింగ్‌కి వెళ్తే ఇవన్నీ దండగ, పై స్థాయి ప్రశ్నలే అడగండి అంటారు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయనతో పనిచేసినవాళ్లు 1956లో ఆలోచనా స్థాయిలకు వేసిన మెట్లు చూపిస్తారు. 2001లో వాటిని సవరించారు, గుర్తుంచుకోవడం నుంచి సృష్టించడం దాకా ఆరు. నాకు ఆ మెట్లతో పేచీ లేదు. కింది మెట్టు తక్కువదన్నట్టు మాట్లాడటంతోనే పేచీ. కథలో ఏం జరిగిందో గుర్తులేని పిల్లవాడిని "ఆ పాత్ర స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు?" అని అడిగితే కథతో పని లేకుండా నోటికొచ్చింది చెప్తాడు. వినడానికి బాగుంటుంది, పాఠం మాత్రం ఎక్కడో ఉంటుంది.

నేను చేసే పని చెప్తాను. తండ్రీ కొడుకుల కథ ఒకటి ఉంది. ఇదివరకు "కొడుకు తండ్రికి ఏమని మాట ఇచ్చాడు?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "ఈ కథలో కొడుకు మాట్లాడాల్సిన చోట మాట్లాడకుండా ఉన్నది ఎక్కడ? పేజీ చూపించండి" అని అడుగుతున్నాను. మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, తర్వాత పేజీలు తిప్పే చప్పుడు మొదలైంది. ఒకడు ఒక చోటు చూపించాడు, ఇంకొకడు కాదు అన్నాడు, ఇద్దరూ పుస్తకం మీద వేలు పెట్టి వాదించుకున్నారు. కథ గుర్తుండాల్సిందే, మళ్లీ చదవాల్సిందే, తమంతట తాము తేల్చుకోవాల్సిందే. నాకే ఒక జవాబు తేలలేదు, ఆ మాటే వాళ్లతో చెప్పాను. జవాబు నా జేబులో లేదని తెలిశాక వాళ్లు మాట్లాడే తీరే మారిపోయింది.


రిటైర్డ్_హెడ్మాస్టర్
బుధవారం, ఉదయం 5:50

మంచి చర్చ. ఒక పాత ఉదాహరణ గుర్తొచ్చింది. సోక్రటీస్ చదువు రాని ఒక పిల్లవాడి ముందు నేల మీద చతురస్రం గీసి మాట్లాడిన సంభాషణ. భుజం రెండడుగులు, వైశాల్యం నాలుగు. దీనికి రెట్టింపు వైశాల్యం, అంటే ఎనిమిది రావాలంటే భుజం ఎంతుండాలి? పిల్లవాడు ధీమాగా భుజాన్ని రెట్టింపు చేయమంటాడు, నాలుగు. గీసి చూస్తే పదహారు వస్తుంది. అయితే మూడు అంటాడు. తొమ్మిది వస్తుంది. అప్పుడు నాకు తెలియదంటాడు. అక్కడి నుంచి కర్ణం మీదికి వస్తారు.

దాన్ని మంచి ప్రశ్నలకు నమూనాగా చూపిస్తుంటారు. నేను ముప్పై ఏళ్ల పాటు తరగతుల్లో వెనక కుర్చీ వేసుకుని కూర్చుని విన్న అనుభవంతో చెప్తున్నాను, అందులో సగమే తీసుకోండి. తప్పు చెప్పనిచ్చి, గీసి చూపించి, తప్పని వాడికే కనపడేలా చేసిన భాగం గొప్పది. తర్వాత "ఇది ఇంతే కదా?" "అవును" "అయితే ఇది అంతే కదా?" "అవును" అని సాగే భాగం మన తరగతుల్లో రోజూ జరిగేదే. పిల్లవాడు ఇరుక్కుంటాడు, మనం ప్రశ్నను చిన్నది చేస్తాం, ఇంకా చిన్నది చేస్తాం, చివరికి "మూడు రెళ్లు?" "ఆరు" "కాబట్టి జవాబు?" "ఆరు" "శభాష్" అంటాం. లెక్క మనం చేశాం, వాడు ఎక్కం అప్పజెప్పాడు.

పిల్లవాడు ఇరుక్కున్నప్పుడు నేను టీచర్లకు చెప్పేది ఒకటే. ప్రశ్నను విరగ్గొట్టకండి, "ఇంతవరకు ఏం చేశావో చెప్పు" అనండి. వాడు చెప్తుండగానే ఎక్కడ ఆగాడో మీకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. ఒప్పు చెప్పినవాణ్ణి కూడా "ఎలా వచ్చింది?" అని అడగండి. తప్పు చెప్పినవాణ్ణే అడిగితే, ఎలా అనగానే తప్పన్నమాట అని పిల్లలు కనిపెట్టేస్తారు.


సైన్స్_టీచర్_22
బుధవారం, ఉదయం 7:05

హెడ్మాస్టర్ గారి చివరి మాట మా తరగతిలో అక్షరాలా జరిగింది. "ఎలా?" అనగానే చెరిపేసేవారు.

తప్పు గురించి ఒకటి. మొక్కల పాఠం మొదట్లో నేను ఒక మొద్దు దుంగ తెచ్చి చేతికిస్తాను, ఇంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతాను. దాదాపు అందరూ మట్టి నుంచి అంటారు. అప్పుడు వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చెప్తాను, అది ఆయన చనిపోయాక 1648లో అచ్చయింది. సుమారు 90 కిలోల ఎండు మట్టి తూచి కుండీలో పోసి, రెండు కిలోల చిల్లర బరువున్న విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 76 కిలోలు దాటింది, మట్టి 60 గ్రాములు కూడా తగ్గలేదు. ఇక్కడ ఆపేసి "ఇప్పుడేమంటారు?" అంటాను. అందరూ నీళ్లే అంటారు. ఆయన కూడా అదే అన్నాడు. అంత ఓపికగా కొలిచినాయన కూడా ఆ బరువులో చాలా భాగం గాలి నుంచి వచ్చిందన్న సంగతి పట్టుకోలేకపోయాడని చెప్తే పిల్లల ముఖాలు చూడాలి. తప్పు చెప్పడమంటే సిగ్గుపడాల్సిన పని కాదని వేరే చెప్పక్కర్లేదు. "ఇంకేం కొలిస్తే ఆయనకు తెలిసేది?" అన్నది నా అసలు ప్రశ్న, దానికి ఒక్కోసారి పీరియడ్ అంతా పోతుంది, పోనిస్తాను.


నలభై_నిమిషాలు
బుధవారం, రాత్రి 8:30

ఒప్పుకుంటున్నాను, ఈరోజు ఒక్క ప్రశ్నకి కాగితాలు ఎత్తించాను. రెండు నిమిషాలు కాదు, ఐదు పట్టింది. కానీ అరవైలో ఇరవై మందికి పైగా సమానం గుర్తు దగ్గరే తప్పుతున్నారని తెలిసింది. 8 + 4 = ఖాళీ + 5 అని ఇచ్చాను, ఖాళీలో 12 రాశారు. కొందరు 17. సమానం అంటే ఆ పక్కన జవాబు రాయాలని అనుకుంటున్నారు. సమీకరణాలు నెల రోజులుగా చెప్తున్నాను. రేపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.


నల్లబల్ల_కొత్త
శుక్రవారం, రాత్రి 9:30

మూడు రోజులు ప్రయత్నించాక రాస్తున్నాను.

బుధవారం సరిగ్గా సాగలేదు. ప్రశ్న అడిగి మౌనంగా నిలబడ్డాను. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, ముందు బెంచీ అమ్మాయి "మేడం, కోపం వచ్చిందా?" అని అడిగింది. నా మౌనం వాళ్లకు అలా తెలుసన్నమాట. కోపం కాదు, మీరు ఆలోచించుకోవడానికి ఆగుతున్నాను అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. గురువారానికి కొంచెం అలవాటైంది.

ఈరోజు మాస్టారు ఇచ్చిన మూడు సంఖ్యలు బోర్డు మీద రాశాను. నలభై రెండు మంది. పదిహేడు మంది సరిగ్గా, పద్నాలుగు మంది 0.4 చిన్నదని, తొమ్మిది మంది 0.4 అన్నిటికంటే పెద్దదని, ఇద్దరు ఖాళీ. ఆ తొమ్మిది మందిలో నాకు ఎప్పుడూ చెయ్యెత్తే నలుగురిలో ఇద్దరున్నారు! పోయినవారం టెస్టులో వాళ్లకు టిక్కు పెట్టాను.

ఏది సరైనదో చెప్పకుండా వేర్వేరు జవాబులు రాసినవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమన్నాను. గోల గోల. చివరికి, ఇన్ని నెలల్లో నేను గొంతు వినని ఒక అమ్మాయి లేచి "0.4 అంటే 0.40 కదా మేడం, నలభై, మరి ముప్పై ఐదు కంటే పెద్దదే కదా" అంది. "వెరీ గుడ్" నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. మూడు సెకన్లు. వెనక నుంచి ఒకబ్బాయి "సున్నా పెడితే 4 కాస్తా 40 అవుతుంది కదా, మరి 0.4కి సున్నా పెడితే ఎందుకు మారదు?" అన్నాడు. అప్పుడే బెల్లు కొట్టారు.

సోమవారం దీన్ని ఎలా తీసుకోవాలి? నేనే చెప్పేయనా?


లెక్కల_మాస్టారు
శుక్రవారం, రాత్రి 9:58

చెప్పేయకండమ్మా, దయచేసి. ఆ అబ్బాయి అడిగింది మీ నాలుగు పీరియడ్ల పాఠం మొత్తానికీ అసలు ప్రశ్న. సున్నా చేర్చడం ఒక కిటుకుగా మిగిలిపోతే వచ్చే ఏడాది మళ్లీ తప్పుతారు. పది అడ్డం, పది నిలువు గళ్లున్న చతురస్రం అందరికీ ఇవ్వండి. సగం మందిని పదో వంతులు నాలుగు రంగు వేయమనండి, మిగతా సగాన్ని వందో వంతులు నలభై వేయమనండి. పక్కపక్కన పెట్టించి, వాడి ప్రశ్నే వాడి మాటల్లోనే మళ్లీ చదవండి. తర్వాత మీరు మాట్లాడొద్దు.


నల్లబల్ల_కొత్త
శుక్రవారం, రాత్రి 10:04

గళ్ల కాగితాలు ఇప్పుడే గీస్తున్నాను. ఆ ప్రశ్న బోర్డు మూల రాసి చుట్టూ గీత గీసి వచ్చాను సార్, ఎవరూ చెరపొద్దని పక్కన రాశాను. కింద ఆ అబ్బాయి తన పేరు తనే రాసుకున్నాడు.